పచ్చ గీత ఎగురుతోంది

నాయనమ్మ ఇనప్పెట్టెను సోమవారం లాయరు ఎదుట తెరవాలని నిర్ణయమైంది. మనవడు మాత్రం ఆదివారంలోగా తెరవాలనుకున్నాడు.

ఆ పెట్టెకు తాళంచెవి లేదు, ఒకటి నుంచి వంద దాకా అంకెలున్న చక్రం ఉంది. తిప్పాల్సిన మూడు అంకెలేమిటో ఎవరికీ చెప్పకుండానే నాయనమ్మ కన్నుమూసింది. అందుకే గ్యాస్ కట్టరుతో కోసే మనిషిని మాట్లాడారు. లోపలి నగల్లో మనవడికి సగం, బాబాయికి సగం అని వీలునామా రాసి ఉంది.

ఆ సగమే మనవడికి మింగుడు పడలేదు. పదేళ్లు ముసలావిడకు మాత్రలు మింగించింది, ఆవిడ నస భరించింది తను. బాబాయి ఆవిడ పోయాక వచ్చాడు, వచ్చినవాడు వెళ్లడం మరిచిపోయాడు. నాలుగు మంచి నగలు ముందుగా తీసి పక్కన పెట్టుకుంటే, మిగిలినవి ధర్మంగా పంచుకోవచ్చని మనవడి ఆలోచన.

ఉపాయం చెప్పింది కూడా బాబాయే. ఆయన ఒకప్పుడు ఇనప్పెట్టెల మెకానిక్కు. అంకెలు మరిచిపోయినవాళ్ల పెట్టెలను ఉత్త చెవితో విని తెరిచేవాడు. చెవులు పోయాక ఆ పనీ పోయింది. ఇంటికొచ్చిన రెండో రోజు, "కంప్యూటర్లో పాత పాటలు వింటానురా, ఈ చెవి మిషన్ సంగతి కాస్త చూసిపెట్టు" అంటే మనవడు గంటసేపు దాంతో కుస్తీ పట్టాడు. చివరికి బాబాయి, "గుయ్యిమంటోందిరా, లాభం లేదు" అని పెదవి విరిచాడు. ఆనాటి నుంచి ఏది అడిగినా ఆయన జవాబు "ఆఁ?" ఒక్కటే.

"పెద్ద విద్యేం కాదురా అది" అని ఓ సాయంత్రం ఆయనే మొదలుపెట్టాడు. "మొదటి అంకెకు కుడివైపు, రెండోదానికి ఎడమవైపు, మూడోదానికి మళ్లీ కుడివైపు. మెల్లగా తిప్పుతూ పోతే సరైన అంకె దగ్గర లోపల టక్కుమంటుంది. మేం చెవి ఆనించి వినేవాళ్లం. ఇప్పటివాళ్లు చిన్న మైకు అంటించి కంప్యూటర్లో వింటున్నారట. ఒక్కటే జాగ్రత్త. అంకెలు పైకి చదువుతూ తిప్పాలి. లేకపోతే లెక్క తప్పుతుంది."

మనవడు ఏమీ పట్టనట్టు ఆవులించాడు. మర్నాడే మైకు కొన్నాడు.

గురువారం మధ్యాహ్నం మైకును చక్రం పక్కన అంటించి, తీగను కంప్యూటరుకు తగిలించాడు. బాబాయి పక్కనే వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, పేపర్లో సుడోకు నింపుకుంటున్నాడు. ఆయన్ను చూసి జంకాల్సిన పనేముంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా. మనవడు గొంతు కూడా తగ్గించకుండా "ఒకటి, రెండు, మూడు" అంటూ చక్రం తిప్పాడు. వంద దాకా వెళ్లినా స్పీకర్లలోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాడు. వాల్యూమ్ చివరిదాకా పెంచాడు. కంప్యూటరును ఆపి, పది నిమిషాలు దానివైపు కోపంగా చూసి, మళ్లీ ఆన్ చేశాడు. ఇక లాభం లేదని కంప్యూటర్ మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

"తెర మీద స్పీకరు బొమ్మ పక్కన పచ్చ గీత ఎగురుతోందా సార్?"

"ఎగురుతోంది."

"అయితే శబ్దం వెళ్తోంది సార్. ఎక్కడికి వెళ్తోందో నేనొచ్చి చూస్తే గానీ తెలీదు. ఇప్పుడు రమ్మంటారా?"

మనవడు ఇనప్పెట్టెకు అతుక్కుని ఉన్న మైకు వంక చూశాడు. "ఇప్పుడొద్దు. మంగళవారం రండి."

శుక్రవారం శబ్దానికి సంబంధించిన సాఫ్ట్‌వేరు మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించి, ఎడమవైపు తిప్పాడు. శనివారం మళ్లీ కుడివైపు తిప్పాడు. పచ్చ గీత మాత్రం హుషారుగా ఎగురుతూనే ఉంది. మంచినీళ్ల కోసం లేచి వెళ్తూ మనవడు బాబాయి పేపర్లోకి తొంగిచూశాడు. సుడోకులో ఒక గడిలో నలభై ఏడు అని వేసి ఉంది.

"బాబాయ్, ఇందులో తొమ్మిది దాటకూడదు" అని ఆయన చెవి దగ్గర అరిచాడు.

"ఆఁ? ఇప్పుడేగా తిన్నాం, అప్పుడే ఏం ఆకలిరా?"

ముసలాయనకు చెవులతో పాటు బుర్ర కూడా పోతోందని మనవడు జాలిపడ్డాడు.

ఆదివారం కొత్త స్పీకర్లు కొనడానికి బజారుకు బయల్దేరాడు. "నిదానంగా రా, ఇల్లు నేను చూసుకుంటాలే" అన్నాడు బాబాయి. ఆ కొత్త స్పీకర్లు కూడా నోరు విప్పలేదు.

సోమవారం లాయరు ఎదుట పెట్టె కోశారు. లోపల నాయనమ్మ కళ్లద్దాల డబ్బా ఉంది. డబ్బాలో కళ్లద్దాలు ఉన్నాయి. ఇంకేమీ లేదు.

"ఎవరికో దానం చేసేసి ఉంటుందిరా. మా అమ్మది వెన్నలాంటి మనసు" అని బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. మనవడికి నిజంగానే ఏడుపొచ్చింది. పదేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైపోయింది. ఇక ఈ ఇంట్లో ఉండలేనంటూ బాబాయి ఆ సాయంత్రం ఐదున్నరకు బయల్దేరాడు. పెద్దాయన సంచీ మోయలేకపోతున్నాడని వీధి చివరిదాకా మనవడే మోసిచ్చాడు.

మంగళవారం చెప్పిన మాట ప్రకారం మెకానిక్ వచ్చాడు. నగలు ఎలాగూ పోయాయి, పాటలైనా విందామని మనవడు అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. మెకానిక్ ఒక్క మీట నొక్కగానే పాట హోరుమని మోగింది.

"ఏం చేశారు?"

"నేనేం చేయలేదు సార్. మీ స్పీకర్లు పాతవీ కొత్తవీ రెండూ బాగానే ఉన్నాయి." మెకానిక్ తెర మీద ఏదో వెతికాడు. "ఇదిగో, శబ్దాన్ని వేరేదానికి పంపమని పెట్టి ఉంది. తీగ లేకుండా కలిపినట్టున్నారు. అది నిన్న సాయంత్రం ఐదున్నరకు ఇంట్లోంచి బయటికి వెళ్లిపోయింది. అప్పుడు శబ్దం తనంతట తనే స్పీకర్లకు వచ్చేసింది."

"దేనికి పంపమని ఉంది?"

మెకానిక్ తెర దగ్గరికి వంగి, మనవడు తన చేత్తో టైపు చేసి పెట్టిన పేరును చదివాడు.

"'బాబాయి చెవి మిషన్' అని ఉంది సార్."