ముప్పై ఎనిమిది మార్కులు

కుట్టుపనావిడ మధ్యాహ్నం కాగానే మిషను ఆపి, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఎవరో మగమనిషి మాటలు వింటూ తనలో తాను తలూపుతోందని ఎదురింటావిడ ఇస్త్రీ చేసే అతనితో చెప్పిందట. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఇస్త్రీ చొక్కాలతో పాటు ఆ మాటా పాస్టరుగారింటికి చేరింది. పిలిపించి మందలిద్దామని ఆయన అనుకుంటుండగానే కుట్టుపనావిడే ఒక కాగితం పట్టుకుని వచ్చి బల్ల ముందు నిలబడింది.

"ఎవరమ్మా ఆ మగమనిషి?" అన్నారాయన, కాగితం కేసి చూడకుండానే.

"బైబిలు పాఠాలు చెప్పే మాస్టారండీ. ఫోనులో ఊరికే చెబుతారు. దైవశాస్త్రం, మొత్తం అరవై పాఠాలు. అన్నీ అయిపోయాయి. సంఘ కాపరిగా మీ సంతకం ఒక్కటి పడితే సర్టిఫికెట్ ఇస్తారు."

"గౌన్లు కుట్టుకోడానికి దైవశాస్త్రం కావాలా?"

"గౌన్లకి కాదు అయ్యగారూ. ఆస్పత్రికి దుప్పట్లు కుట్టి ఇస్తున్నాను గదా. చివరి వార్డులో నా అనేవాళ్ళు లేనివాళ్ళుంటారు. పక్కన కూర్చుని ప్రార్థన చేస్తానంటే, సర్టిఫికెట్ ఉన్నవాళ్ళనే రానిస్తామన్నారు. ఒక్కరికే ఖాళీ ఉంది. రేపటితో గడువు." ఆవిడ గొంతు తగ్గింది. "మొన్న ఒక ముసలాయన నేను కుట్టిన దుప్పటి అంచు పట్టుకునే పోయాడు. నేను గుమ్మం బయటే ఉండిపోయాను."

పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. కలం మాత్రం తీయలేదు.

"ఊరికే వచ్చిన చదువుకి విలువేముంటుందమ్మా?"

"కృప ఊరికే వచ్చిందనేగా వారం వారం మీరు చెప్పేది."

వంటింట్లో కూరగాయలు తరుగుతున్న పాస్టరమ్మగారి కత్తి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"అది వేరు, ఇది వేరు. సరే, పరీక్షలు ఎవరు దిద్దారు?"

"చదివేవాళ్ళమే ఒకరివి ఒకరం దిద్దుకుంటామండీ. పేర్లు కనబడవు. మన భాషలో చదివేది పద్నాలుగు మందిమే."

"అదీ సంగతి. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపడం. ఆ దిద్దుడు ఎలా ఉంటుందో నాకు తెలియదనుకున్నావా?"

"మీకెలా తెలుసు?" చేతులు తుడుచుకుంటూ అమ్మగారు బయటికి వచ్చారు.

పాస్టరుగారు తడబడ్డారు. "నేనూ చేరాన్లే. ఎలా చెబుతున్నారో చూద్దామని."

"ఓహో. తెల్లారగట్ల గది తలుపేసుకుని ప్రార్థన అన్నది ఇదా. మరి మార్కులెన్నొచ్చాయి?"

ఇక తప్పించుకునే దారి లేక ఆయన ఉడుక్కున్నారు. "కాపరి బాధ్యతల మీద పదకొండు పేజీలు రాశాను. ఇరవై ఏళ్ళ అనుభవమంతా కుమ్మరించాను. ఎవడో వందకి ముప్పై ఎనిమిది వేశాడు. వేసి ఊరుకోకుండా, 'ఇందులో చెప్పేవాడే ఉన్నాడు, వినేవాడు లేడు' అని కింద ఒక రాత కూడాను. మళ్ళీ రాయాలట. ఒక్కనాడూ గొర్రెను కాసి ఎరగనివాడు కాపరికి మార్కులు వేయడమా? ఇలాంటి చదువుకి నేను సంతకం పెట్టను."

"ఆ రాసినవాడెవడో మనింట్లో కాపురం చేసినవాడిలా ఉన్నాడు," అన్నారు అమ్మగారు. "అయినా నన్నడిగితే ముప్పై ఎనిమిది ఎక్కువే."

కుట్టుపనావిడ కాగితాన్ని వెనక్కి తీసుకోబోయింది. తీసుకోబోయిన చెయ్యి దాని మీదే ఆగిపోయింది.

"నీకు నవ్వులాటగా ఉంది," అన్నారు పాస్టరుగారు భార్యతో. "వాడెవడో ఒక్కసారి దొరకాలి. ఈ బల్ల ముందే నిలబెట్టి అడుగుతాను."

"అడగండి అయ్యగారూ," అంది కుట్టుపనావిడ. "ఆ మార్కులు వేసింది నేనే. ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నాను."