పసుపు రిబ్బను

“ఆ వరుస ఎవరిది?”

తోట యజమానురాలి కేక విని పిల్లల జట్టు లీడరమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఆరు క్యారెట్ వరుసల్లో ఐదు పచ్చగా ఉన్నాయి. ఆరోది బోడిగుండులా ఉంది. అక్కడొకటి ఇక్కడొకటి నాలుగు మొక్కలు తప్ప, అన్నీ పీకేసి అవతలి గట్టు మీద కుప్ప పోసి ఉన్నాయి.

ఆ గట్టు మీదే నిలబడి యజమానురాలు కుప్పలోంచి గుప్పెడు మొక్కలు తీసుకుంది. “గంట కొట్టగానే అందరూ ఇక్కడుండాలి. ఎవరి పనో నాకు తేలాలి!” అని విసవిసా ఆఫీసు గదిలోకి వెళ్లిపోయింది.

వేసవి సెలవుల్లో పిల్లలకు జీతమిచ్చి పని నేర్పే తోట అది. ఎవరి వరుస మొదట్లో వాళ్లు తమ రంగు రిబ్బను కట్టిన పుల్ల గుచ్చుకోవాలి. కలుపు బదులు పంట పీకినవాళ్లు ఆ పూటే గ్లవ్స్ అప్పగించి ఇంటిదారి పట్టాలి. మొదటిరోజు మెడలో విజిల్ వేసుకుని, మహా దర్జాగా ఆ రూలు చదివి వినిపించింది లీడరే.

బోడి వరుస మొదట్లో ఉన్నది నీలం రిబ్బను. ఆమె సొంత తమ్ముడిది.

కుళాయి దగ్గరున్న తమ్ముణ్ణి రెక్క పట్టుకుని షెడ్డు వెనక్కి లాక్కెళ్లింది.

“చిన్నపిల్లాడు వద్దంటే, కాళ్లావేళ్లా పడి పెట్టించాను కదరా నిన్ను! క్యారెట్‌కీ కలుపుకీ తేడా తెలీదా?”

“తెలుసక్కా. అందుకే పీకాను. ఆకు నలిపితే దాని వాసన...”

“నోర్ముయ్! ఎవరడిగినా నోరు విప్పావంటే చంపేస్తా.”

“అది కాదక్కా...”

“విప్పొద్దన్నానా!”

వాణ్ణి అక్కడే ఉండమని, ఆమె వరుసల దగ్గరికి తిరిగొచ్చింది.

మిగతావాళ్లంతా ఇంకా నీళ్ల దగ్గరే ఉన్నారు. తమ్ముడి వరుస పక్కది పసుపు రిబ్బనుది. అంటే వసపిట్టది. పొద్దున్నించి సాయంత్రం దాకా నోరు మూయని ఆ కుర్రాడంటే ఆమెకు ముందునుంచీ ఒళ్లు మంట. రెండు పుల్లలు పీకి, అటుదిటు ఇటుదటు గుచ్చింది. తప్పని తెలుసు. తెలిసే చేసింది.

గంట మోగింది.

“పసుపు ఎవరు?” అంది యజమానురాలు.

“నేనే మేడమ్.” వసపిట్ట ముందుకొచ్చి బిత్తరపోయాడు. “కానీ ఇది నా వరుస కాదు! నాది పక్కది!”

“మరి పుల్లకి కాళ్లొచ్చాయా?”

“ఒట్టు మేడమ్! నాకేం తెలీదు. ఇంటికి పంపకండి, మా నాన్న మళ్లీ గడప దాటనివ్వడు.” వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. “లీడరక్కా, పొద్దున్న నువ్వు చూశావుగా. నువ్వైనా చెప్పక్కా!”

అందరి చూపులూ ఆమె మీదే. తమ్ముడు ఏదో అనబోయాడు. ఆమె వాడి కాలు గట్టిగా తొక్కింది.

“నేను చూశాను మేడమ్. ఈ వరుస వీడిదే.”

వసపిట్టకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాట పడిపోయింది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ తమ్ముడు గట్టెక్కాడు.

యజమానురాలు గుప్పిట విప్పింది. వాడిపోయిన మొక్కలు.

“ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను. మనకిచ్చిన విత్తనాల్లో కల్తీ జరిగింది. ఇవి క్యారెట్లు కావు. అచ్చం అలాగే ఉండే విషపు మొక్కలు. తింటే ప్రాణాలు పోతాయి. నేనే గుర్తుపట్టలేదు. మీరు ఐదు వరుసల్లో వీటిని ముద్దుగా పెంచుతున్నారు. ఇన్ని కళ్లలో పోల్చుకుని, మంచివి ఉంచి చెడ్డవి ఏరిపారేసింది ఒక్కడే!” ఆమె జేబులోంచి కొత్త విజిల్ తీసి వసపిట్ట మెడలో వేసింది. “రేపట్నించి కొత్తగా వేసే రెండో జట్టుకి వీడే లీడరు.”

లీడరమ్మాయి తమ్ముడి వంక చూసింది.

“మేడమ్, అవి పీకింది నేను...” అన్నాడు తమ్ముడు ఇక ఉండబట్టలేక.

వసపిట్ట గబగబా కళ్లు తుడుచుకుని, విజిల్‌ను గట్టిగా పట్టుకున్నాడు.

“వాడి మాటలకేం మేడమ్! ఈ వరుస నాదే. కావాలంటే లీడరక్కని అడగండి!”