పెదాల మాట

"ఏమంటున్నాడే?" తోటి నేతగత్తె కెజియా మోచెయ్యి పట్టి గుంజింది నాన్సీ.

ఊరి చౌకులో వేదిక మీద జేబెజ్ క్రోషా దొర ఓట్లడుగుతూ, కెజియా కంటపడగానే తడబడ్డాడు. ప్రసంగం ఆపేసి, టోపీ నోటికి అడ్డంపెట్టుకుని తన ఎన్నికల ఏజెంటు వైపు వంగాడు. ఎదురుగా ఉన్న జనానికి టోపీయే కనిపించింది. వేదిక పక్కనున్న బట్టల కొట్టు మెట్లెక్కి నిలబడ్డ కెజియాకు మాత్రం దొర నోరు బాగా కనిపించింది.

మరమగ్గాల హోరులో చెవులు పనిచేయవు కాబట్టి ఓక్‌షా నేతగాళ్లంతా పెదాలు చూసే మాట్లాడుకుంటారు. ఆ విద్యలో కెజియాను మించినవాళ్లు లేరు. ఆమె పట్టిన మాట పొల్లుపోదని ఊరంతా నమ్ముతుంది.

ఆమె కూతురు ఎల్సీ క్రోషా మిల్లులోనే పోయింది. తిరిగే ఇరుసుకు కంచె లేక జుట్టు చుట్టుకుపోయింది. పిల్లదే అజాగ్రత్తని విచారణలో తేల్చారు. ఆ ఏడే దొర పార్లమెంటుకెక్కి, యంత్రాలకు కంచెలు కట్టాలన్న చట్టానికి అడ్డుపడ్డాడు. తరవాత ఊరికో పార్కు కట్టించాడు. అంతే, జనం మరిచిపోయారు. కెజియా మరవలేదు. వాడు మట్టికొట్టుకుపోవాలని ఆరేళ్లుగా ఆమె కోరుకోని పూట లేదు. కానీ మగాళ్లంతా ఈసారీ దొరకే వేసేట్టున్నారు.

"చెప్పవే, నీకే కదా కనబడేది," అంది నాన్సీ మెట్ల కిందినుంచి. చుట్టూ ఉన్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు.

కెజియా గొంతు సవరించుకుంది.

"కంచెల ఖర్చుకన్నా మీ పిల్లల ప్రాణాలు చవకంటున్నాడు."

ఆ మాట పెదాల మీదుగానే చౌకు చివరిదాకా పాకింది. ముందొకడు చెక్కజోడుతో నేలను తన్నాడు. ఆపైన అందరూ తన్నారు. దొర చేతులెత్తి ఏదో చెప్పబోయాడు గాని ఆ మోతలో ఒక్క ముక్కా వినబడలేదు. దొర అలా అనలేదని ఏజెంటు ఇల్లిల్లూ తిరిగి ప్రమాణాలు చేశాడు. అతన్ని ఎవరూ గడప తొక్కనివ్వలేదు.

రహస్య ఓటు కొత్తగా వచ్చిన రోజులు. ఎవరెటు వేశారో దొరకు తెలిసే వీల్లేదు. చిత్తుగా ఓడిపోయాడు. ఎండాకాలానికల్లా మిల్లు అమ్ముకుని ఊరొదిలేశాడు.

"ఎల్సీ పగ తీర్చావే తల్లీ," అంది నాన్సీ, ఆలుగడ్డ రొట్టె విరిచి చేతిలో పెడుతూ.

తీరిందంది కెజియా. కూతురు పోయాక మొదటిసారి కడుపునిండా తింది.

ఆ రోజు టోపీ చాటున దొర తన ఏజెంటును అడిగిందల్లా, "ఆ తల్లి నన్ను క్షమిస్తుందంటావా?" అని.