గొడవ తువ్వాలు గురించి కాదు

ఆదివారం పొద్దున్న అతను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే, భార్య వచ్చి ఒక ఇంగ్లీషు మాట అడిగింది.

అతను కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. ఆమె ఇంట్లో కూర్చుని కథల్ని ఇంగ్లీషులోకి అనువాదం చేస్తుంది.

అప్పుడు చేస్తున్న కథలో ఇద్దరు తోడికోడళ్ళు దండెం మీద చోటు కోసం పోట్లాడుకుంటారు. అసలు సంగతి దండెం కాదు. అత్తగారు ఎవరి చేతి కాఫీని మెచ్చుకుంటుందన్నది. రచయిత దాన్ని ‘సాకు తగువు’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆమెకి ఇంగ్లీషులో ఆ ముక్క దొరకలేదు.

“ప్రిటెక్స్ట్ అని రాసెయ్,” అన్నాడు తలెత్తకుండా.

“అది సాకండీ. నాకు తగువు కావాలి.”

“అయితే హిడెన్ మోటివ్.”

“అది లోపలి ఉద్దేశం. తగువు ఇంకా రాలేదు.”

తనకి బోలెడు పనుందని కసిరాడు. ఆమె సరేనని వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం లైబ్రరీ నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, మాట దొరికిందని చెప్పింది. ప్రాక్సీ వార్ అట.

“రెండు దేశాలు తమ పగని మూడో దేశం నేల మీద తీర్చుకుంటే అలా అంటారుగా. ఆ తోడికోడళ్ళకి దండెమే మూడో దేశం అన్నాడు మఫ్లరాయన,” అని పకపకా నవ్వింది.

ఆ నవ్వు అతనికి గుచ్చుకుంది. తన దగ్గర ఆమె అలా నవ్వి ఎంత కాలమైందో గుర్తు రాలేదు.

మఫ్లరాయన ఎవరని అడిగాడు. రీడింగ్ రూములో కిటికీ పక్కన కూర్చునే పెద్దాయన అనీ, మండుటెండల్లో కూడా మెడకి మఫ్లర్ తియ్యడనీ, ఏదో పత్రికలో ఎడిటర్‌గా చేసి రిటైరయ్యాడనీ చెప్పింది. పోయినేడాది నుంచీ పరిచయమట, ఆమె ఆయన్ని బాబాయిగారూ అని పిలుస్తుందట.

“అది రాజకీయాల్లో వాడే మాట. కొంపల్లో గొడవలకి నప్పదు,” అన్నాడతను.

నప్పుతుందని అతనికి తెలుసు. తనకి తట్టనందుకే కడుపు మండింది.

ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చుంటే చాలు, బాబాయిగారు ఇలా అన్నారు, బాబాయిగారు అలా అన్నారు. ఆయనకి తన మామగారి వయసుంటుంది. అతను పడింది అనుమానం కాదు. ఆమె మనసులో ఏది మెదిలినా ముందు అక్కడికే వెళ్ళేది. తనకి చేరేసరికి అది చల్లారిన కబురు.

ఆ మాట పైకి ఎలా అంటాడు? అందుకని తడి తువ్వాలు మంచం మీద పడేసిందన్నాడు. గేటు గడియ వెయ్యలేదన్నాడు. టీ నీళ్ళలా ఉందన్నాడు. ఆమె మొదట్లో జవాబు చెప్పేది. తర్వాత మానేసింది.

“ఇది తువ్వాలు గురించి కాదు కదండీ,” అంది ఒకసారి.

“మరి దేని గురించి?”

చెప్తాడేమోనని ఆమె అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. అతను తువ్వాలు దులిపి ఆరేశాడు.

ఒక మధ్యాహ్నం క్లాసు లేకపోతే లైబ్రరీకి వెళ్ళాడు. అద్దం తలుపు ఇవతల నుంచి చూశాడు. ఆమె తలొంచుకుని ఏదో చెప్తోంది. మఫ్లరాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన మంచినీళ్ళ సీసా ఆమె వైపు జరిపి నెమ్మదిగా ఏదో అన్నాడు. ఆమె తలూపింది.

తన ముందు ఎన్నడూ కంటతడి పెట్టని మనిషి. అతను తలుపు తియ్యకుండానే వెనుదిరిగాడు.

లైబ్రరీ కమిటీలో అతనూ సభ్యుడే. రీడింగ్ రూములో ఆయన కబుర్లతో చదువుకునేవాళ్ళకి ఇబ్బందిగా ఉందని ఫిర్యాదు చేశాడు. ఆయన గొంతు తనకి ఏనాడూ వినపడలేదని లైబ్రేరియన్ నసిగాడు. కానీ కమిటీ సభ్యుడి మాట కాదనలేకపోయాడు. కార్డు రద్దయింది.

కార్డు అప్పగించడానికి మఫ్లరాయన కమిటీ గదిలో ఉన్న అతని దగ్గరికి స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“గొడవ శబ్దం గురించేనా బాబూ?” అని అడిగాడు.

“మరి దేని గురించనుకున్నారు?”

ఆయన కార్డు బల్ల మీద పెట్టి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి వెళ్ళిపోయాడు. కొద్దిరోజులకే అద్దెగది ఖాళీ చేసి వేరే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి చేరాడు. ఏ ఊరో లైబ్రేరియన్‌కి కూడా తెలియదు.

సంగతి భార్యకి తెలిసింది. నిలదీస్తుందని అతను జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాడు. ఆమె మిగిలిన పేజీలు పూర్తి చేసి, పుస్తకాన్ని ప్రచురణకర్తకి పంపేసింది.

మర్నాడు అతను కాలేజీ నుంచి వచ్చేసరికి పెట్టె సర్దుకుంటోంది. అన్నయ్య దగ్గరికి వెళ్తున్నానంది. ఎప్పుడొస్తావని అడిగితే చీర మడతపెడుతూ ఉండిపోయింది.

ఇన్నాళ్ళూ మింగిన మాట అప్పుడు బయటికొచ్చింది.

“ఒక ముసలాయన్ని పంపించేసినందుకు ఇంత కోపమా? అసలు ఆయన నీకేమవుతాడు?”

ఆమె పెట్టె మూత వేసింది. గొంతులో కోపం లేదు.

“పోయినేడాది నుంచీ వెళ్ళిపోతానని నేను ఆయన దగ్గర ఏడ్చినప్పుడల్లా, మీ ఆయన చెడ్డవాడు కాదమ్మా, మనసులో ఉన్నది చెప్పడం చేతకాదంతే, ఇంకొన్నాళ్ళు చూడు అని నన్ను మీ దగ్గరికి తిప్పి పంపింది ఆయనొక్కడే.”