పావు చుట్టు

“నా వల్ల కాదు డాక్టరమ్మా!” లారీ మెకానిక్ స్పానర్ తిరిగి ఇచ్చేశాడు.

చీముపట్టి పాడైన ఎముక ముక్కను తీసేసి, అతని భార్య కాలికి ఇనుప రింగులు బిగించారు. ఇంట్లో వాటి నట్టును రోజుకు నాలుగుసార్లు పావు చుట్టు తిప్పుతుంటే, ఎముక మిల్లీమీటరు చొప్పున జరిగి, ఖాళీ మెల్లగా పూడుతుంది.

“ముప్ఫై ఏళ్లుగా నట్లు తిప్పుతున్నారుగా?” అంది డాక్టరు.

“లారీ మూలగదు కదండీ.”

భార్య కిసుక్కున నవ్వింది. “రెండేళ్లు నేను మూలిగినా మీకు వినపడలేదుగా! పని ఎగ్గొట్టే వంకలన్నారు.”

అతను స్పానర్ అందుకుని, ఊపిరి బిగబట్టి పావు చుట్టు తిప్పాడు.

“నొప్పేసిందా?”

“అబ్బే, లేదు.”

“నిజం చెప్పవే. ఈసారి నమ్ముతాను.”

ఆమె నవ్వు ఆగిపోయింది.

“కొంచెం,” అంది.