పాచి క్రీము

అమ్మాయీ,

నీ నడుంనొప్పి తగ్గిందా? అల్లుడుగారి దగ్గో? పిల్లకి జ్వరం మళ్ళీ రాలేదు కదా?

మీ ఫ్యాక్టరీలో పెంచే పచ్చటి పాచి నుంచే మొహం క్రీమూ, బస్సుల్లో పోసే నూనే రెండూ తీస్తారన్నావు. అప్పటినుంచీ నాకు గుబులే. క్రీము రాసుకుని పొయ్యి దగ్గరికి వెళ్తే మొహం అంటుకుంటుందేమోనని మీ నాన్నతో అన్నాను, నీకూ రాశాను.

"నలభై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి, నూనె సంగతి నాకు తెలీదా? నువ్వు వంటింటి ఛాయలకు రాకు" అని గరిటె లాక్కున్నారు. నెల్లాళ్ళుగా వంట ఆయనదే. ఉప్పు కాస్త ఎక్కువే, అయినా తింటున్నాను.

అంటుకోదని నువ్వు రాసిన జవాబు మూడోరోజే అందింది. పరుపు కింద దాచాను. ఇప్పుడు నా దిగులల్లా, ఆయన ముందు నువ్వెక్కడ నోరు జారతావోనని.

క్రీము అయిపోవచ్చింది. ఇంకో డబ్బా పట్టుకుని పద్నాలుగో తేదీ ఆదివారం అందరూ రండి.