పనైపోయిన కణాలు

"ఏయ్, ఎవరమ్మా నువ్వు? అలా లోపలికొచ్చేస్తున్నావ్!"

ప్రయోగశాల గుమ్మంలో అడుగుపెట్టబోయిన నడివయసు ఆడమనిషి బెదిరిపోయి ఆగిపోయింది.

అరిచినాయన మామూలు మనిషి కాదండోయ్, శాస్త్రవేత్త. మన కణాల్లో గాల్జీ అని ఒక చోటుంది. ప్రోటీన్లకు చక్కెరలు తగిలించి, ఎక్కడివాటిని అక్కడికి పంపేది అదే. ఆ పంపకాన్ని నడిపే జన్యువొకటి చెడితే పసిపిల్లలు ఎదక్కుండానే పోతారు. ఆ జన్యువును పట్టుకున్న బృందంలో ఈయనొకడు. అప్పట్నుంచీ కాళ్ళు నేలమీద ఆనడం లేదు. విద్యార్థులు చాటుగా 'గాల్జీగారు' అని నవ్వుకుంటారు.

"ఊడ్చేవాళ్ళు వెనకవైపు నుంచి రావాలి," అన్నాడు గాల్జీగారు.

"పనికి రాలేదు బాబూ. భూతద్దంలో చూపిస్తాం రమ్మని పెద్దమేడమ్‌గారు చెప్పారు."

"ఏం చూస్తావ్? జన్యువంటే ఏంటో తెలుసా?"

"తెలీదు బాబూ."

"మరి? ఇదేమన్నా సర్కస్సా, దారినపోయేవాళ్ళంతా వచ్చి చూడ్డానికి?"

ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలోనే కణాలు పెంచే వెచ్చటి పెట్టె తెరిచి, మూలనున్న చిన్న సీసా లాగాడు.

"సార్, దాన్ని ఇవాళ్టిదాకా ఉంచమన్నారు మేడమ్‌గారు," అంది అక్కడే పనిచేసుకుంటున్న విద్యార్థిని.

"ఎందుకట? ముసలివైపోయి పెరగడం మానేసిన కణాలు. వ్యాసం అచ్చయింది, వీటితో పనైపోయింది. ఇంకా మేపుతూ కూర్చోమంటావా?"

సీసాలో కణాల్ని చంపే బ్లీచింగ్ నీళ్ళు పోశాడు. లోపలి ద్రవం గులాబీరంగు వెలిసిపోయింది.

"అదేంటి బాబూ?" ఆవిడ మెడ సాచి అడిగింది.

"చెత్త. చూశావుగా, ఇక దయచెయ్."

"సరే బాబూ. మేడమ్‌గారు వచ్చాక మళ్ళీ వస్తాను."

ఆవిడ వెళ్ళిపోయింది. పీడ విరగడైందనుకుంటూ గాల్జీగారు సీసాను చెత్తతొట్టిలో పడేసి చేతులు కడుక్కున్నాడు.

ఆ తడి ఆరకముందే పెద్దమేడమ్ ఆయాసపడుతూ వచ్చారు.

"ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయానయ్యా. ఆవిడ వచ్చిందా?"

"ఎవరో వచ్చింది మేడమ్. పంపించేశాను."

"అయ్యో, నేనే రమ్మన్నాను! ఆ సీసా ఎక్కడ? ఆ కణాల నిల్వంతా అయిపోయి అదొక్కటే మిగిలింది."

విద్యార్థిని తొట్టివైపు చూసింది. గాల్జీగారు తడి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

మేడమ్ కుర్చీలో కూలబడ్డారు.

"మనకు ఆ జన్యువు దొరికింది ఆవిడ కొడుకు చర్మం నుంచి తీసిన కణాల్లోనయ్యా, వాడు పోయినా వాడిలో ఇంకా బతికున్నది ఆ సీసాలో ఉన్నంతేనని తెలిసి, ఒక్కసారి చూసుకుంటానని వచ్చింది ఆ తల్లి."